ఆడోళ్ల సేద్యం లెక్కకెక్కేదెప్పుడు?

కళింగపట్నం అంటే పొరుగూరి వాళ్లకు లైటుహౌసు, దర్గా, వంశధార సముద్రంలో కలిసే చోటు గుర్తొస్తాయి. ఒకప్పటి ఓడరేవు గనుక రకరకాల జనం చేరిన ఊరు. ఒడ్డున వల మీద బతికేవాళ్లు, లోపలికి వస్తే వరి, అపరాలు పండించే చిన్నకారు రైతులు, సెంటు భూమి లేక కూలికెళ్లేవాళ్లు. గార మండలం తీరమంతా దాదాపు ఇదే తీరు.

2011 లెక్కల ప్రకారం ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా జనాభా 27 లక్షల పైచిలుకు. వెయ్యి మంది మగవారికి 1,015 మంది ఆడవారు. ఇది చూసి మురిసిపోనక్కర్లేదు. ఆరేళ్లలోపు పిల్లల్లో ఆడపిల్లలే తక్కువ. పెద్దల్లో ఆడవారు ఎక్కువగా కనబడటానికి ముఖ్య కారణం మగవాళ్లు ఊళ్లో లేకపోవడమే. పారాదీప్, చెన్నై, గుజరాత్‌లోని వేరావల్ రేవుల్లో మన మత్స్యకారులు కనిపిస్తారు. 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో విడుదలైన మనవాళ్లు బయల్దేరింది వేరావల్ నుంచే.

జనాభా లెక్క తీసేది ఫిబ్రవరిలో. ఆ నెలంతా ఎక్కడుంటే అక్కడే లెక్క. గుజరాత్‌లో చేపలవేట నిషేధం జూన్, జూలై నెలల్లో కాబట్టి ఫిబ్రవరిలో మనవాళ్లు బోటు మీదే ఉంటారు. వాళ్లు వేరావల్ లెక్కలో పడతారు, మన ఊరి లెక్కలో కాదు.

మరి ఊళ్లో మిగిలిందెవరు? ఉభాలకు దిగేది, కలుపు తీసేది, పెసర, మినుము పీకేది, పశువుల్ని మేపేది ఆడవాళ్లే. తీరా లెక్కలాయన గుమ్మంలోకొచ్చి "మీ ఆవిడేం చేస్తుంది?" అనడిగితే "ఏటీ లేదు బాబూ, ఇంటికాడే ఉంటాది" అనేస్తాం. అక్కడే తప్పు జరిగిపోతోంది. 2011 లెక్కల నిబంధన చూడండి. సొంత చేలో జీతం లేకుండా చేసినా అది పనే. ఏడాదిలో ఆరు నెలలు చేస్తే ప్రధాన పనివారు, తక్కువైతే ఉపాంత పనివారు. ఇంటి వాడకానికి పాలు తీసినా పనే. సాగుదారు అనిపించుకోడానికి పట్టా అక్కర్లేదు. డబ్బుకో, ధాన్యానికో, వాటాకో భూమి తీసుకుని చేసినా సాగుదారే. 2019 చట్టం కింద కౌలు కార్డుకు భూయజమాని సంతకం కావాలి, ఇక్కడ ఎవరి సంతకమూ వద్దు.

కౌలు సంగతి చెబితే ఆసామికి కోపమొస్తుందని కొందరి భయం. 1948 జనగణన చట్టం ప్రకారం మీరిచ్చిన జవాబు గోప్యం, కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. అలాగని లెక్కలో చెప్పినంతనే కార్డూ రాదు, సాయమూ రాదు. కాని జిల్లాలో ఆడ రైతులు ఇందరని తేలకపోతే పథకం వేసేవాడికి వాళ్లు కనబడరు.

2021లో జరగాల్సిన లెక్క కోవిడ్ వల్ల ఆగింది. 2027 మార్చి 1 ఆధార తేదీగా కేంద్రం 2025లో ప్రకటించింది. 1931 తర్వాత మొదటిసారి అన్ని కులాలనూ రాస్తారు. వాడబలిజ, జాలారి, పల్లి బీసీ-ఏ జాబితాలో ఒకే వరుసలో ఉన్నా, ఒకే ఇంటివాళ్లు తలో పేరు చెబితే లెక్క చీలిపోతుంది. ఏ పేరు చెప్పాలో కుల పెద్దలూ, డ్వాక్రా సంఘాల అమ్మలూ ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. వేరావల్‌లో ఉన్నవాళ్లకూ ఫోన్ చేసి చెప్పాలి.