కరెంటు బోటుకూ చప్పుడుంది

లాంచీ మలుపు తిరగకముందే దాని రొద మన రేవుకు వినబడుతుంది. కరెంటు మోటారు పెడితే ఆ రొద పోతుందని చాలామంది అంటారు. నా అభిప్రాయంలో అది సగం నిజమే.

కేరళలో వైక్కం, తవణక్కడవుల మధ్య 2017లో 75 మంది పట్టే 'ఆదిత్య' అనే సౌరశక్తి బోటు మొదలైంది. అలాంటి బోటుకు డీజిల్ ఇంజను మోత ఉండదు. కానీ ఆ మోత పోగానే, దాని చాటున దాగిన చప్పుళ్లు బయటపడతాయి. మోటారు కీచుమంటుంది, గేరు పళ్లు రాసుకుంటాయి, నీళ్లలో ప్రొపెల్లరు గరగరలాడుతుంది.

వీటికి మందు లేకపోలేదు. మోటారుకు కరెంటును తుంపులుగా పంపే పరికరం సెకనుకు 20 వేలసార్లకు మించి పనిచేస్తే ఆ కీచు మన చెవిన పడదు. మోటారు కింద రబ్బరు దిమ్మలు వేస్తే అదురు బోటు అడుక్కి పాకడం తగ్గుతుంది. పెద్ద ప్రొపెల్లరును మెల్లగా తిప్పితే బుడగలు పగిలే చప్పుడు తగ్గుతుంది.

మన చెవి ఒక్కటే చాలదు సుమా! నీళ్లలో శబ్దం గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. చాలా చేపలకు బాగా వినబడేవి బొంగురు చప్పుళ్లే. కాబట్టి కీచుకన్నా ముందు అదురునూ ప్రొపెల్లరునూ సరిచేయాలి.

"చప్పుడు లేకపోతే దోనెలో ఉన్నవాళ్లకు బోటు వస్తున్నట్టు ఎలా తెలుస్తుంది?" అంటారా? దానికి హారన్ ఉంది. రోజంతా రొద అక్కర్లేదు.

మిత్రులారా! రేపు మన రేవుకు కరెంటు బోటు తెస్తామంటే, పొగ వస్తుందా అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. నీళ్లలో ఎంత చప్పుడు చేస్తుందో కూడా అడగాలి. అదీ బోటు కట్టకముందే అడగాలి. వల వేసి బతికేవాళ్లకు ఆ హక్కు ఉంది.