దత్తత తెచ్చి బోనులో పెడతారా?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లాట్లలో మనవాళ్లు చాలామంది కుక్కల్ని దత్తత తీసుకుంటున్నారు. 2023లో నగరపాలిక అంచనా వేస్తే ఊళ్లో వీధికుక్కలు 2.79 లక్షలని తేలింది. వాటిలో ఒక్కదానికి ఇల్లు దొరికినా నాకు సంతోషమే. కానీ శనివారం తెచ్చి, ఆదివారమంతా ముద్దుచేసి, సోమవారం పొద్దున్నే ఇనపచువ్వల క్రేట్‌లోకి తోసి గడియ పెట్టి ఆఫీసుకు పోవడాన్ని దత్తత అనడానికి నాకు నోరు రాదు.

ఆఫీసు అయ్యాక సిల్క్‌బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటి మీరు ఇల్లు చేరేసరికి, దాన్ని మూసి పది గంటలు గడిచిపోతాయి. మూడు నెలల పిల్ల మహా అయితే మూడు నాలుగు గంటలు మూత్రం ఆపుకోగలదు. ఆ తర్వాత అందులోనే పడుకోవాలి. పడుకునే చోటును కుక్క పాడుచేసుకోదన్న స్వభావం మీదే క్రేట్ ట్రైనింగ్ నిలబడింది. ఆ స్వభావాన్నే మీరు చేజేతులా చంపేస్తున్నారు. భయంతో చువ్వలు కొరికి పళ్లు విరగ్గొట్టుకునే కుక్కలుంటాయి. గోళ్లు నెత్తురోడేదాకా గీరేవి ఉంటాయి. అంతసేపూ అది ఏడుస్తుంటే పక్క ఫ్లాటువాళ్లు అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫిర్యాదు పెడతారు. అప్పుడు తప్పు కుక్కదవుతుంది!

కుక్కకు గుహ ఇష్టం, క్రేట్ దానికి గుహే అంటారు ట్రైనర్లు. ఈనే ముందు తల్లికుక్క గుంట తవ్వుకునే మాట నిజమే. పిల్లలు కాస్త ఎదగగానే దాన్ని వదిలేస్తుంది. ఆ గుంటకు తలుపూ లేదు, గడియా లేదు. బెంగళూరు వీధికుక్కల దినచర్యను గమనించిన సింధూర్ పంగల్, అవి చాలాసేపు పడుకునో, తాపీగా చుట్టూ చూస్తూనో గడుపుతాయని రాశారు. అయితే ఎండెక్కితే కారు కిందికి, వానొస్తే షాపు మెట్ల మీదికి, చలేస్తే ఇసుక కుప్ప మీదికి వెళ్లేది వాటి ఇష్టంతోనే. వీధంతా తిరిగిన ప్రాణిని మూడడుగుల పెట్టెలో మూసి, అది విశ్రాంతి అని ఎలా అంటారు?

క్రేట్‌కు నేను వ్యతిరేకిని కాను. హాల్లో, మీరు కూర్చునే చోట, తలుపు తీసి పెట్టండి. లోపల పాత దుప్పటి పరిచి అన్నం గిన్నె అక్కడే పెట్టండి. తనంతట తాను వెళ్లి పడుకోవడం మొదలయ్యాక, తింటున్నప్పుడు ఒక్క నిమిషం తలుపు మూయండి, ఎదురుగానే ఉండండి. బెదిరితే వెంటనే తెరిచి, మళ్లీ మొదటికి రండి. వారాలు పట్టనివ్వండి. శిక్షగా మాత్రం ఎప్పుడూ అందులోకి పంపకండి. ఇలా అలవాటైన క్రేట్ రేపు ఆపరేషన్ తర్వాతా, ప్రయాణంలోనూ కుక్కకు ధైర్యమిస్తుంది.

కదలడానికి తగిన చోటు లేని బోనులో జంతువును ఉంచడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. నిత్యం ఇరుకులో బంధించే కుక్కకు వ్యాయామం లేకుండా చేయడమూ నేరమే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. స్వీడన్‌లో ఇంట్లో కుక్కను బోనులో మూసి ఉంచడమే నిషిద్ధం. మనకు యాభై రూపాయల చట్టం చాలదు.

అందుకే దత్తత శిబిరాలు నడిపేవాళ్లను గట్టిగా అడుగుతున్నాను. ఆధార్ కార్డు, ఇంటి ఓనరు అనుమతి చూసి ఊరుకోకండి. మొదటి నెల పగటిపూట ఇంట్లో ఎవరుంటారు? మధ్యాహ్నం దాన్ని బయటికి తిప్పేదెవరు? ఈ రెండు ప్రశ్నలకు పేరుతో సహా జవాబు రాయించుకోండి. రాయలేనివాళ్లకు కుక్కను ఇవ్వకండి.