బగ్గు కనపడిందని కోప్పడే ముందు

కొత్త వెర్షను దిగిందంటే చాలు, మన కర్నూలు కడప కాలేజీ ల్యాబుల్లో, నెట్ సెంటర్లలో ఒకటే మాట. "వైఫై పట్టలేదు, ప్రింటరు పలకలేదు, ఊరికే వచ్చే లినక్సు గదప్పా, ఇంతేలే" అంటారు. ఆ మాటలో రెండు తీర్పులున్నాయి. డబ్బు తీసుకోకుండా చేసిన పని కాబట్టి శ్రద్ధ పెట్టి ఉండరని ఒకటి. డబ్బు పోసి కొన్నదైతే ఇట్ల జరగదని ఇంకొకటి. రెండూ సరిగ్గా చూడకుండా ఇచ్చిన తీర్పులే. లినక్సు చేసేవాళ్ళ తప్పులు మనకు అన్నన్ని కనపడేది వాళ్ళు దాచుకోరు కాబట్టి. ఆ దాచుకోకపోవడానికి ఇయ్యాల్సిన మర్యాద ఇయ్యకుంటే నష్టం వాళ్ళకే కాదు, మన దాకా వస్తుంది.

ముందు డబ్బు సంగతి చూద్దాం. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఐఫోన్లను కూలగొట్టింది ఏందో తెలుసు గదా? మన తెలుగు అక్షరం. జ్ఞానంలో ఉండే "జ్ఞా". దాని నడుమ కంటికి కనపడని ఒక గుర్తు చేరి మెసేజీగా వస్తే చాలు, దాన్ని గీయడానికి పోయి యాప్ కూలిపోయేది, ఒక్కోసారి ఫోనే మొండికేసేది. మ్యాక్‌లకు, వాచీలకు కూడా అదే తిప్పలు. ఆ నెల 19న 11.2.6 అప్‌డేట్ వచ్చినాక గానీ సర్దుకోలేదు. ఆపిల్‌కు డబ్బు తక్కువా, ఇంజనీర్లు తక్కువా? హల్లు, వత్తు, గుణింతం కలిసే మన లిపిలో ప్రతి కలయికనూ ముందే పరీక్షించడం ఎవరి వల్లా కాదు. తేడా అంతా ఆ తర్వాత ఉంది. అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరెగావ్‌కర్ ఏ అక్షరాలకు కూలుతోందో ఒక్కొక్కటే వేసి చూసి, బయట నుంచి ఊహించుకోవాల్సి వచ్చింది. లోపలి కోడు చూసే దారి లేదు. ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు అక్షరాలను పేర్చిపెట్టే హార్ఫ్‌బజ్‌లో అట్లాంటి తప్పు వస్తే, కడపలో చదువుకునే పిల్లోడు కూడా కోడు తెరిచి ఏ వరుసలో ఉందో చూడగలడు.

సరే, జీతం లేనోళ్ళ చేతిలో పెద్ద తప్పు పడితే ఏం చేస్తారు? డెబియన్ అనే లినక్సు సిస్టమ్‌నే తీసుకోండి. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టినాడు. దానికి ఓనరు కంపెనీ లేదు. అధికారికంగా సభ్యులైనవాళ్ళు వెయ్యి మంది దాకా ఉంటారు, ఎక్కువ మంది తమ ఉద్యోగాలు చేసుకుంటా, మిగిలిన టైములో కూచునేవాళ్ళు. ఉబుంటుకు కూడా పునాది అదే. 2023 డిసెంబరు 9న 12.3 వెర్షను విడుదల కావాల్సింది. అదే రోజు కెర్నల్‌లో, అంటే సిస్టమ్ మూలభాగంలో, ఒక తప్పు బయటపడింది. ఈఎక్స్‌టీ4 పద్ధతిలో డిస్కు మీద రాసిన డేటా పాడయ్యే తప్పు అది. కొత్త కెర్నల్‌లో చేసిన ఒక దిద్దుబాటును కెర్నల్ వాళ్ళు పాతదాంట్లోకి తెచ్చినారు, దానికి ముందు రావాల్సిన ఇంకో దిద్దుబాటు రాలేదు. డెబియన్ వాళ్ళు విడుదల ఆపేసినారు. ఇప్పుడు అప్‌డేట్ చేయొద్దని అందరికీ చెప్పినారు. మరుసటి రోజే సరిచేసిన 12.4 ఇచ్చినారు. పరువు పోతుందని చూసుకోలేదు. 12.3 పేరుతో డిస్కు ఇమేజీలే రాలేదు, ఆ ఖాళీ వాళ్ళ లెక్కల్లో ఇప్పటికీ అట్లే ఉంది.

మరి ఇవన్నీ విడుదలకు ముందే ఎందుకు దొరకవు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన ఊర్లలో కంప్యూటర్లంటే ఒక కంపెనీ బోర్డు, ఇంకో కంపెనీ వైఫై చిప్పు, ఎప్పటిదో ప్రింటరు. ఆ జతను ముందే పరీక్షించేదానికి ఆ మిషను మన దగ్గర తప్ప యాడా లేదు. కడపలో సి.పి. బ్రౌన్ చేసిన పని ఇక్కడ గుర్తుకొస్తుంది. 1820లో కడపకొచ్చిన ఆ దొర, వేమన పద్యాల తాళపత్రాలు ఊరూరి నుంచి తెప్పించి, సొంత డబ్బుతో పండితులను పెట్టి, ప్రతికి ప్రతి పోల్చి చూపించినాడు. ఒకే ప్రతి ముందర పెట్టుకుంటే రాతగాడు యాడ తప్పినాడో తెలీదు, పది ప్రతులు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. విడుదలైన సిస్టమ్‌కు మన కంప్యూటర్లే ఆ ప్రతులు. చిప్పులు చేసే కంపెనీలు వాటి లోపలి వివరాలు బయటపెట్టకపోవడం ఇంకో అడ్డంకి. వైఫై పట్టలేదనే ఫిర్యాదు ఏండ్లకేండ్లు వచ్చింది. దాని మీద డెబియన్ వాళ్ళు 2022లో ఓటింగే పెట్టుకున్నారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాకపోయినా సరే, ఆ చిప్పులకు కావాల్సిన ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే ఇయ్యాలని తేల్చినారు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అట్లే ఇస్తున్నారు. వాడుకునేవాళ్ళ కష్టం విని, తమ సిద్ధాంతాన్నే కొంచెం సడలించుకున్నారు.

దీంట్లో తెలుగోళ్ళకు ప్రత్యేకమైన బాకీ ఉంది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే ఫాంటు వచ్చిన మాట నిజమే. కానీ తెలుగు పేపర్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటు పెట్టుకొని, ఒకదాన్నుంచి కాపీ చేస్తే ఇంకోచోట పిచ్చిగీతలు వచ్చే రోజులవి. కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల మొదట్లోనే అమెరికాలో రైస్ యూనివర్సిటీలో ఉండి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి ఇచ్చినారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి అందరికీ ఉచితంగా వదిలినారు. పోతన మావాడని ఒంటిమిట్టోళ్ళు, మావాడని ఓరుగల్లోళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు, ఆయన పేరున్న ఫాంటు మాత్రం ఇద్దరి కంప్యూటర్లలోనూ ఉంది. ఆ పేపర్ల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే పద్మను వెన్న నాగార్జున రాసినాడు, ఆ పద్మ ఆధారంగానే వీవెన్ తెలుగు టైపు చేసుకునే లేఖిని తెచ్చినాడు. 2005లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు మెనూలన్నీ తెలుగులో ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చినారు. వీటిలో దేనికీ అప్పట్లో మార్కెట్టు లేదు. లాభం చూసి చేసే పనైతే ఇంకో పదేండ్లు ఆగేది.

"అంతా బాగుందిలే, వాళ్ళ తప్పుల వల్ల ఘోరాలు జరగలేదా?" అంటే జరిగినాయి. 2006లో డెబియన్ వాళ్ళు, రహస్య తాళాలు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే పనిముట్టులో ఒక హెచ్చరిక పోగొట్టేదానికి రెండు చోట్ల కోడు తీసేసినారు. దాంతో లెక్కలేనన్ని రకాలుగా ఉండాల్సిన రహస్య తాళాలు ఒక్కో రకం మిషనులో 32 వేల చిల్లరకు పడిపోయినాయి. 2008 మే దాకా, అంటే ఇరవై నెలలు, ఎవరూ పట్టుకోలేదు. ఇది చిన్న తప్పు కాదు, నేను వెనకేసుకురాను. పట్టుకున్నది కూడా డెబియన్ సభ్యుడే, లూసియానో బెల్లో. పట్టుకున్నాక, ఏ తారీఖు నుంచి ఏ ప్యాకేజీ చెడిందో, ఎవరెవరు తాళాలు మార్చుకోవాలో వాళ్ళే లోకానికి చెప్పినారు. సమస్యలను దాచం అని 1997లోనే తమ సామాజిక ఒప్పందంలో రాసుకున్న మాట అది, దాని ప్రకారమే నడిచినారు. బగ్గుల పట్టిక ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఎక్స్‌జెడ్ అనే చిన్న పనిముట్టు ఉంది, ఫైళ్ళను కుదించేది. దాదాపు లినక్సు సర్వర్లన్నిటిలోనూ ఉంటుంది. దాన్ని ఏండ్ల తరబడి ఫిన్‌లాండ్‌కు చెందిన లాస్సే కొలిన్ ఒక్కడే చూసుకుంటా వచ్చినాడు. 2022లో కొన్ని పేర్లతో ఫిర్యాదులు మొదలైనాయి. పని నెమ్మదిగా ఉందని, నీకు ఓపిక లేకపోతే ఇంకొకరికి ఇచ్చేయమని దెప్పిపొడిచినారు. ఇది జీతం లేని పని అని ఆయన గుర్తు చేయాల్సి వచ్చింది. అప్పటికే జియా టాన్ అనే పేరుతో సాయానికొచ్చిన ఒకరు నమ్మకం సంపాదించి, పగ్గాలు అందుకొని, సర్వర్లలోకి దొంగదారి పెట్టినారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానపడి తవ్వబట్టి గానీ బయటపడలేదు. ఇంకొన్ని నెలలు ఆగుంటే ఆ దొంగదారి ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లకు చేరేది. ఆ ఫిర్యాదులు చేసిన పేర్లు కూడా దొంగ ముఠావేనని చాలామంది నిపుణుల అనుమానం. నన్ను కలవరపెట్టేది ఒకటే. ఆ దెప్పుళ్ళు రోజూ మామూలు వాడుకదార్లు విసిరే మాటల్లాగే ఉన్నాయి కాబట్టే ఎవరికీ తేడా తెలీలేదు. మనం అలవాటుగా అనే మాటల చాటున దొంగ నడిచొచ్చినాడు.

"కెర్నల్ రాసేది ఇంటెల్, రెడ్ హ్యాట్, గూగుల్ జీతగాళ్ళే గదా, వాళ్ళకేం మర్యాద?" అని ఇంకో మాట ఉంది. కెర్నల్ వరకు అది చాలామట్టుకు నిజమే. కానీ దాని చుట్టూ ఉండే వేల పనిముట్లు ఎక్స్‌జెడ్ లాంటివే. సగం ఇంటర్నెట్టు ఆధారపడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు 2014లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద తప్పు బయటపడే నాటికి ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్ల చుట్టూనే. ఇక, పరీక్ష రోజు ల్యాబు ఆగిపోతే మర్యాదతో ఏం పని అనే వాళ్ళకు నా జవాబు సూటిగా ఉంటుంది. పరీక్ష ముందర కొత్త వెర్షను వేయొద్దు, స్టేబుల్ వెర్షను వేసుకోండి, ముందు ఒక మిషనులో చూసుకోండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయినాయి, విండోస్ 11 ఎక్కని మిషన్లు మన ప్రభుత్వ కాలేజీల్లో కొల్లలు. అవి పారేయకుండా నడవాలంటే ఈ జీతం లేని మనుషులే దిక్కు.

కాబట్టి ప్రింటరు పలకకపోతే తిట్టడం ఆపి, డెబియన్‌లో రిపోర్ట్‌బగ్ అనే పనిముట్టు ఉంది, అది తెరవండి. ఏ వెర్షను, ఏ కంపెనీ ఏ మోడలు, ఏం నొక్కితే ఏం జరిగింది, ఏం జరగాల్సింది, ఇంతే రాయండి. వచ్చీరాని ఇంగ్లీషైనా పర్వాలేదు. మెనూలో తెలుగు తప్పుగా ఉంటే అనువాదం చేసేవాళ్ళకు సరైన మాట రాసి పంపండి. మీకొక బగ్గు నంబరు వస్తుంది. జవాబుకు వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. ఇంకో వివరం కావాలని అడుగుతారు, ఆ ప్రింటరు మూలకు పడేయకుండా ఉంచి, అడిగింది పంపండి.