యుద్ధము మొలకెత్తు చోటు

1932 జూలైలో ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వియన్నా నగరమందున్న సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు ఒక లేఖ వ్రాసెను. యుద్ధపీడనుండి మానవజాతిని తప్పించు మార్గ మేదైన కలదా యని అందలి ప్రశ్న. నానాజాతి సమితికి చెందిన ఒక సంస్థ ఈ ఉత్తర ప్రత్యుత్తరములకు పూనుకొనెను. భౌతికశాస్త్రజ్ఞుడు మనశ్శాస్త్రజ్ఞుని ఆశ్రయించుటలోనే ఒక అంగీకారము ఇమిడియున్నది. ఒడంబడికలు, న్యాయస్థానములు మాత్రమే చాలవు. మనుష్యుని మనస్సును గూడ పరీక్షింపవలెను.

ఫ్రాయిడ్ సెప్టెంబరులో ప్రత్యుత్తరమిచ్చెను. మనుష్యునిలో ప్రేమించి కూర్చు ప్రవృత్తితోపాటు ద్వేషించి ధ్వంసము చేయు ప్రవృత్తియు కలదనియు, దానిని సమూలముగ తొలగించుట సాధ్యము కాదనియు ఆయన అభిప్రాయము. ఐనను మనుష్యుల మధ్య ఆత్మీయబంధములను పెంచునదెల్ల యుద్ధమునకు విరోధియే యనియు ఆయన వ్రాసెను. 1933లో ఈ లేఖలు అచ్చగునప్పటికే జర్మనీలో హిట్లరు అధికారమునకు వచ్చియుండెను.

ధ్వంసప్రవృత్తి యొక్కటే యుద్ధమునకు మూలమైనచో, శత్రువు కంటబడినంతనే సైనికుడు రెచ్చిపోవలెను. 1914 డిసెంబరులో జరిగినది వేరు. పశ్చిమ రణరంగమున అనేకచోట్ల బ్రిటిష్, జర్మన్ సైనికులు క్రిస్మస్‌నాడు కందకములు వెడలి వచ్చి, చేతులు కలిపి, పొగాకు, తినుబండారములు ఇచ్చిపుచ్చుకొనిరి. తమ తమ మృతులను పూడ్చుకొనిరి. ఇట్టిది కొనసాగరాదని పై అధికారులు ఆజ్ఞలు పంపిరి. మరుసటి సంవత్సరము ముందుగనే కట్టుదిట్టములు చేసిరి. ద్వేషము అంత సహజమైనచో దానికి ఇంత కాపలా యేల?

మనుష్యుని యుద్ధమునకు దింపు శక్తి వేరొకచోట నున్నది. తనవారిపై అభిమానమును, పరులపై భయమును కలిసినప్పుడు అది పుట్టును. ముజఫర్ షెరీఫ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1954లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రమున ఒక వేసవి శిబిరమందు 22 మంది బాలురను రెండు జట్లుగ విభజించెను. వారు పదునొకండేండ్ల యీడువారు, మధ్యతరగతి కుటుంబములవారు, పూర్వవైర మెరుగనివారు. నిర్వాహకులు పందెములు పెట్టి పోటీని రగిల్చిరి. కొలది దినములలోనే ఒక జట్టు జెండాను మరొక జట్టు కాల్చెను. ఒకరి బసపై మరొకరు దాడిచేసిరి. తాము ధీరులమనియు, అవతలివారు వంచకులనియు ఇరుపక్షములును నమ్మెను. అందరిని ఒకచోట కూర్చుండబెట్టి భోజనము పెట్టినను వైరము చల్లారలేదు. శిబిరమునకు నీరు రానప్పుడును, ఆహారము తేవలసిన లారీ కదలనప్పుడును కలిసి పనిచేయక తప్పలేదు. తాడులాగుడు పందెమునకు వాడిన త్రాటినే లారీకి కట్టి అందరును ఒకే వైపునకు లాగిరి. క్రమముగ పగలు సడలెను.

పెద్దల లోకమునందును మనస్సు ఇట్లే పనిచేయును. రష్యన్ భాష తెలిసిన అమెరికన్ మనశ్శాస్త్రజ్ఞుడు యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ 1960లో సోవియట్ దేశమున పర్యటించెను. అమెరికనులు రష్యాను గూర్చి తలచుచున్నదానినే రష్యనులును అమెరికాను గూర్చి తలచుచుండుట ఆయన గమనించెను. దురాక్రమణకు సిద్ధపడినది అవతలి ప్రభుత్వము. మోసపోయినది అవతలి ప్రజ. నమ్మరానిది అవతలివారి మాట. దీనిని ఆయన అద్దములోని ప్రతిబింబముతో పోల్చెను.

ఆ అద్దము నేటికిని పగులలేదు. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ లెక్కప్రకారము 2024లో ప్రపంచ సైనికవ్యయము 2,71,800 కోట్ల డాలర్లు. ముందటి సంవత్సరముకంటె నూటికి 9.4 వంతులు హెచ్చు. ఇంచుమించుగ ప్రతి దేశమును దీనిని రక్షణవ్యయ మనియే పిలుచును. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్‌పై దండెత్తినప్పుడు రష్యా అధ్యక్షుడు పుతిన్ ఆ చర్యను ఆత్మరక్షణమనియే చెప్పెను. ఇందువలన దండెత్తినవాడును, దెబ్బతిన్నవాడును సమానులు కారు. ఐనను దండెత్తువాడు సహితము ఆ మాట చెప్పక తన ప్రజలను కదలింపలేడని తెలియుచున్నది.

కురుక్షేత్రవార్త నడుగుచు ధృతరాష్ట్రుడు తన కుమారులను నావారనెను. తమ్ముని కుమారులను పాండవులనెను. తన యింట పెరిగిన బిడ్డలే ఆ మాటతో పరులైరి.

ఈ చూపు మారదని నిరాశ చెందనక్కరలేదు. 1962 అక్టోబరులో క్యూబాలోని సోవియట్ క్షిపణుల విషయమై ప్రపంచము అణుయుద్ధపు అంచునకు చేరెను. కెన్నెడీ, కృశ్చేవ్ లేఖలు వ్రాసికొనిరి. ఎదుటివానికిని భయము కలదనియు, పరువుతో వెనుకకు మరలుటకు వానికొక దారి విడువవలెననియు గ్రహించిరి. కృశ్చేవ్ క్యూబానుండి క్షిపణులను తొలగించెను. కెన్నెడీ క్యూబాపై దండెత్తనని మాట ఇచ్చెను. టర్కీలోని అమెరికన్ క్షిపణులను తీసివేయుటకు రహస్యముగ అంగీకరించెను.

చరిత్ర పాఠములో యుద్ధముల తేదీలు చెప్పుట తేలిక. ఆ తేదీకి ముందటి దినమున ఇరుపక్షముల ప్రజలకు ఏమి చెప్పిరో, వారు దేనికి భయపడిరో విద్యార్థిచేత అడిగించుట కష్టతరమైన పని. ‘వారు’ అను మాట వినబడినపుడెల్ల అందులో ఎవరెవరున్నారని విచారించు అలవాటు బాలునకు అబ్బినచో, ఐన్‌స్టైన్ ప్రశ్నకు కొంత సమాధానము ఆ తరగతిగదిలోనే దొరకును.