మేళానికి బేరం, గ్రైండరుకి ఫిక్స్‌డ్ రేటు

నాకు మూడు పిచ్చిలున్నాయి. వేణువు, కాఫీ, ఫుట్‌బాల్. మూడింట్లో దేన్లోనూ పెద్ద ప్రవేశం లేదని ముందే ఒప్పేసుకుంటే గొడవుండదు. పొద్దున్న స్టాండప్ మీటింగుకి ముందు ఓ అరగంట వేణువు ఊదుతా (పక్క ఫ్లాటాయన లిఫ్టులో కనిపిస్తే నేను ఫోన్ చూసుకుంటా). తర్వాత గింజలు తూకం వేసి, చేత్తో మరపట్టి, నీళ్ళ వేడి చూసి మరీ కాఫీ కాచుకుంటా. శని ఆదివారాలు రాత్రి ఎవరో ఇంగ్లండు వాళ్ళు ఆడుకుంటుంటే ఇక్కడ నేను సోఫా మీద నుంచి లేచి అరుస్తుంటా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇరవయ్యెనిమిదేళ్ళ వయసు, ఇంకా పెళ్ళి కాలేదు. ఇంతకన్నా ఏం చెయ్యాలి చెప్పండి :-)

ఇంతకీ చెప్పొచ్చేది ఈ పిచ్చిల గురించి కాదు, వాటికి పెట్టే డబ్బుల గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే 2023లో మా అక్క పెళ్ళిలో నేను చేసిన ఒక వెధవ పని గురించి.

మాది కోటప్పకొండ కింద పల్లెటూరు. నరసరావుపేట నుంచి కొండకి వచ్చే దారికి కాస్త లోపలికి ఉంటుంది. మా మేడ మీద నుంచి చూస్తే మూడు శిఖరాలూ కనబడతాయి. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలంటారు. ఈ కొండ మీద కాకి వాలదని మా నాయనమ్మ చెప్పేది. చిన్నప్పుడు ఎక్కినప్పుడల్లా తలెత్తి వెతికేవాణ్ణి, ఎక్కడైనా ఒక్క కాకి దొరక్కపోతుందా, బగ్ రిపోర్ట్ చెయ్యకపోతానా అని. నాకైతే ఇంతవరకూ దొరకలేదు.

పెళ్ళికి సన్నాయి మేళం మాట్లాడే పని నాన్న నాకప్పగించాడు. రెండు నాదస్వరాలు, రెండు డోళ్ళు, శ్రుతి, తాళం. పెద్దాయన ఇరవై అయిదు వేలు చెప్పారు. నేను పద్దెనిమిది అన్నాను. ఆయన ఇరవై మూడన్నారు. నేను ఫోన్ పెట్టేసినట్టు నటించి (ఇది మా మామయ్య నేర్పిన విద్య) మళ్ళీ చేసి ఇరవైకి ఖాయం చేశా. అయిదు వేలు మిగిల్చానని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. అదే పెళ్ళికి ఫొటోల వాళ్ళు డ్రోనుతో కలిపి లక్షా ఎనభై వేలంటే మారు మాట్లాడకుండా అడ్వాన్సు పంపింది కూడా నేనే. అదే నెలలో కాఫీ గింజలు మరపట్టుకునే చేతి గ్రైండరు ఒకటి కొన్నా. ఎంతో చెప్పమంటారా? ఏడు వేల చిల్లర. దానికి బేరం ఆడాలన్న ఆలోచనే రాలేదు. వెబ్‌సైటుతో ఎవరు బేరం ఆడతారు!

పెళ్ళిలో ఆ మేళం నేను విన్నానా అంటే, వినలేదు. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం, గట్టిమేళం అని అరిచినప్పుడు తప్ప ఎవరూ వాళ్ళ వైపు చూసినట్టు లేరు. భోజనాల వేళకి డీజే పెట్టేశారు. ఆ పెద్దాయన నాదస్వరాన్ని గుడ్డలో చుట్టుకుని షామియానా పక్కన కూర్చుని ఉండటం మాత్రం గుర్తుంది. అదీ ఫొటోలో చూస్తే గుర్తొచ్చింది.

నాదస్వరం ఎంత కష్టమైన వాద్యమో నాకు వేణువు పట్టాకే అర్థమైంది. దానికి వేళ్ళతో మూసే రంధ్రాలు ఏడే. క్లారినెట్‌కి ఉన్నట్టు మీటలుండవు. మధ్యలో వచ్చే స్వరాలన్నీ పెదవి నొక్కులోనో, ఊపిరి బిగింపులోనో, వేలు సగం తెరిచో పుట్టించాలి. నోట్లో పెట్టుకునే రెల్లు పీక ఒక్కటి తేడా చేసిందంటే కచేరీ పోయినట్టే. పెళ్ళి పందిట్లో రెండు మూడు గంటలు అలా ఊదాలంటే ఛాతీలో ఎంత బలం కావాలి? నేను ‘స’ మీద పన్నెండు సెకన్లు నిలబడితే ఆ రోజు వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంటా.

ఇక్కడ ఒక విషయం చెప్పకపోతే పాపం. మా వైపు నాదస్వరం అంటే ఎక్కువగా షేక్‌ల ఇళ్ళే. చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా తరతరాలుగా ముస్లిం కుటుంబాలు రామాలయాల్లో, శివాలయాల్లో, మన పెళ్ళిళ్ళలో వాయిస్తూ వచ్చాయి. షేక్ చినమౌలానా గారిది ఒంగోలు పక్కన కరవది, పుట్టింది 1924లో. ఇక్కడ విద్య నేర్చుకుని, అది చాలదని తంజావూరు వైపు నాచ్చియార్‌కోవిల్ వెళ్ళి రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్ళీ నేర్చుకున్నారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. తమిళనాడులో, నాదస్వరం పుట్టిల్లు అనుకునే చోట, ఒక తెలుగు ముస్లిం విద్వాంసుడికి 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడెమీ సంగీత కళానిధి ఇచ్చింది. మరుసటేడు ఆయన పోయారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. నేను ఇంజినీరింగ్ నాలుగేళ్ళూ హెడ్‌ఫోన్సు తగిలించుకుని ప్రపంచంలో ఉన్న సంగీతమంతా విన్నాననుకున్నా. ఈ పేర్లు తెలిసింది ఇరవై ఆరో ఏట, యూట్యూబ్ దయతలిచి పక్కన చూపిస్తే.

2025లో శివరాత్రికి (ఫిబ్రవరి 26) ఇంటికెళ్ళా. కోటప్పకొండ తిరునాళ్ళ చూడనివాళ్ళకి ప్రభ అంటే ఏంటో మాటల్లో చెప్పడం కష్టం. ఎనభై, తొంభై అడుగుల ఎత్తు కట్టి, దాని నిండా దీపాలు బిగించి, జనరేటరుతో సహా ఊళ్ళో నుంచి కొండ దగ్గరకి లాక్కొస్తారు. రాత్రిపూట పొలాల మధ్య నుంచి ఓ వెలుగుల గోడ నడిచొస్తున్నట్టుంటుంది. ఊరికీ ఊరికీ పోటీ. “చేదుకో కోటయ్యా” అని జనం కేకలేస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ప్రభల్ని నేను ఏమీ అనట్లేదు, మా వాళ్ళు కొడతారు కూడానూ. ఏటా అయిదు వేలు చందా పంపుతా. ఈ మధ్య మా ఊరి ప్రభకి సగం డబ్బు హైదరాబాదు, బెంగుళూరు, డాలస్ నుంచే వస్తోంది. అందులో పెద్ద ముక్క స్పీకర్ బాక్సులకి పోతుంది.

ఆ రాత్రి బాబాయితో అన్నా, “బాబాయ్, ఈ బాక్సుల డబ్బుల్లో కాస్త తీసి ఓ మంచి మేళం పెడితే ఏంది? ప్రభ ముందు ఓ గంట కూర్చుని వాయిస్తారు.”

“వినేదెవర్రా?” అన్నాడు బాబాయి. “నువ్విన్నావా మీ అక్క పెళ్ళిలో?”

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. వినేవాళ్ళు లేనిదాన్ని జాలిపడి బతికించాలి అనే వాదన నాకూ నచ్చదు. కానీ వినేవాళ్ళు ఎందుకు లేరు? నేను బ్రెజిల్ వాడి గిటారు విన్నాను, జపాన్ వాడి వెదురు పిల్లనగ్రోవి విన్నాను. వినడం రాక కాదు కదా. మేళానికి గంట టైమివ్వం, మైకు ఇవ్వం, ఎదురుగా డీజే పెడతాం, ఆపైన ఎవరూ వినట్లేదంటాం. టెస్టులు కామెంట్ చేసేసి కోడు పాసవట్లేదన్నట్టుంది.

మా ఫీల్డులో దీనికి దగ్గర కథ ఒకటుంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టారని బయటపడింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఒక ఇంజినీరు తవ్వితే దొరికింది. ప్రపంచంలో ఎన్నో సర్వర్లలో ఉన్న ఆ లైబ్రరీని చూసుకుంటున్నది అలసిపోయిన ఒకే ఒక్క మనిషి, అదీ జీతం లేకుండా. సాయం చేస్తానని వచ్చినవాడే దొంగ. అప్పుడు మేమంతా ఓపెన్ సోర్స్‌కి డబ్బులివ్వాలని తెగ రాసుకున్నాం. మేళం పెద్దాయన కూడా నాకు అలాగే కనబడ్డారు. అందరి ఇళ్ళలో శుభకార్యాలూ ఆయన మీద ఆధారపడి నడుస్తాయి, ఆయన ఎలా నడుస్తున్నారో ఎవడూ అడగడు.

ఫుట్‌బాల్‌ది ఇంకో రకం బాధ. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చిన మన జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. మొన్న మొన్న 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ గెలిచింది కూడా. 2025లో ఆ క్లబ్బు ఊరు వదిలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. నేను గచ్చిబౌలిలో ఉంటూ గచ్చిబౌలి స్టేడియానికి వెళ్ళింది రెండే రెండు సార్లు. ఇంగ్లండు క్లబ్బు జెర్సీలు మాత్రం నాలుగున్నాయి. కాఫీ ఒక్కదాంట్లో కాస్త పరువు దక్కింది. కొనేవి అరకు గింజలు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినవే. అదీ రుచి నచ్చి కొన్నానే గానీ అరకు రైతుని తలుచుకుని కాదు.

సరే, తిరునాళ్ళ మర్నాడు పెద్దాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళా. గుర్తుపట్టారు. “బేరం అబ్బాయివి కదూ!” అని నవ్వారు. నేను నవ్వలేకపోయా. వేణువు తీసి నాకొచ్చింది ఊదా. మూడు వేణువులున్నాయి నా దగ్గర, సంవత్సరంన్నర నుంచి వీడియోలు చూసి నేర్చుకుంటున్నా అని చెప్పా. ఆయన మొత్తం విని, “బాబూ, దాన్ని పక్కన పెట్టు. ముందు నోటితో స రి గ మ పాడు” అన్నారు. పాడా. ‘రి’ దగ్గర ఆపారు. మళ్ళీ పాడా. మళ్ళీ ఆపారు. మాయామాళవగౌళలో రిషభం ఎక్కడుండాలో అక్కడ నాది లేదట. సంవత్సరంన్నర నుంచి లేదన్నమాట! ఏ వీడియో అయినా వెనక్కి తిరిగి “ఒరే అది తప్పు” అనదు కదా. ఇరవై నిమిషాల తర్వాత ఒకసారి సరిగ్గా పడింది. పడినప్పుడు ఆయనకన్నా ముందు నాకే తెలిసింది.

నాకు నాదస్వరమే నేర్పమని అడిగా. “అపార్ట్‌మెంటులోనా? పోలీసుల్ని పిలుస్తారు” అన్నారు. అదీ నిజమే. కాబట్టి నేర్చుకునేది వేణువే, నేర్పేది నాదస్వరం విద్వాంసుడు. ఫీజెంత మాస్టారూ అంటే చెప్పరు. “నీ ఇష్టం బాబూ, వచ్చినప్పుడు ఏదో ఇయ్యి” అంటారు. ఈ ‘నీ ఇష్టం’ అనే మాట మీదే మనవాళ్ళందరం ఇన్నాళ్ళూ బతికేశాం. మా ఆఫీసులో గిటారు నేర్చుకునేవాడు ఆన్‌లైన్‌లో గంటకి ఎనిమిది వందలు కడుతున్నాడు. అదే రేటు వేసి, వారానికో గంట, నెలకి మూడు వేల రెండొందలు, ఒకటో తారీఖున పంపుతున్నా. నేను క్లాసు ఎగ్గొట్టినా సరే. ఇది దానం కాదు, ఉద్ధరణా కాదు. రిషభం సరిచేసినందుకు ఫీజు. మొదటి నెల “ఇంతెందుకు పంపావు” అని ఫోన్ చేశారు. రెండో నెల చెయ్యలేదు. అదే బాగుంది.

మీ ఇంట్లో పెళ్ళి ఉంటే మేళం వాళ్ళతో నాలాగా బేరం ఆడకండి. ఆడాలని చెయ్యి దురద పెడితే డ్రోను వాడితో ఆడుకోండి. ముహూర్తానికి ముందో గంట డీజే ఆపి వాళ్ళకి మైకివ్వండి. నచ్చకపోతే ఆ గంట తర్వాత మీ ఇష్టం. బాబాయి ఇంకా ఒప్పుకోలేదు. “నీ చందా వరకూ నువ్వు చెప్పినట్టు చేస్తాలే, అయిదు వేలకి డోలు కూడా రాదు” అన్నాడు. ఊరి కుర్రాళ్ళలో నలుగురు కలుస్తామన్నారు, ఇంకా కలవాలి.

క్లాసు ఆదివారం పొద్దున్న ఏడింటికి, వాట్సాప్ వీడియోలో. ఆయనకి మనవడు ఫోన్ పట్టుకుంటాడు, సగం సేపు నాకు సీలింగ్ ఫ్యానే కనబడుతుంది. శనివారం రాత్రి పెద్ద మ్యాచ్ ఉంటే నా గొంతు పొద్దున్నకి పోతోందని ఆయన మొన్న పట్టేశారు. “రాత్రి ఎవరి మీద అరిచావు?” అని అడిగారు. రిఫరీ మీదని చెప్పా.