ఇల్లుంది, బంధుత్వం లేదు
స్వలింగ జంటల కుటుంబ హక్కుల చర్చ ఢిల్లీకే పరిమితమైన వ్యవహారంలా కనిపించినా, దానికి సంబంధించిన ఒక ముఖ్యమైన ఉత్తర్వు 2024 డిసెంబరులో అమరావతిలోని హైకోర్టు నుంచి వెలువడింది. విజయవాడలో కలిసి జీవిస్తున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి నర్సీపట్నం తీసుకుపోయి నిర్బంధించారంటూ రెండో యువతి హెబియస్ కార్పస్ పిటిషన్ వేయగా, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచాలని కోరగా, జస్టిస్ ఆర్. రఘునందనరావు, జస్టిస్ కె. మహేశ్వరరావుల ధర్మాసనం నిర్బంధంలో ఉన్న యువతి మేజరనీ, ఎవరితో ఉండాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఆమెదేననీ తేల్చి, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని ఆదేశించింది.

ఈ రక్షణ విలువైనదే గాని, ఇది మేజరైన ఏ వ్యక్తికైనా దక్కేదే. జంటగా వారికి దక్కినది కాదు. అంతకుముందే, స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కోరుతూ హైదరాబాద్ జంట ఒకటి ప్రధాన పిటిషనర్లుగా నడిచిన సుప్రియో కేసులో, పెళ్లి ప్రాథమిక హక్కు కాదని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. పెళ్లి కాకపోయినా చట్టం గుర్తించే సహజీవన బంధాన్నీ, జంటగా దత్తత తీసుకునే హక్కునూ 3-2 మెజారిటీతో నిరాకరించింది. 2025 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లు కూడా వీగిపోయాయి.

ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని కేంద్రం 2024లో వివరణ ఇచ్చింది. అసలు చిక్కు వారసత్వం దగ్గర వస్తుంది. పెళ్లి కాని, పిల్లలు లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా మరణిస్తే, హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆమె ఆస్తి తల్లిదండ్రులకు, వారు లేకపోతే తండ్రి వారసులకు పోతుంది. ఇరవై ఏళ్లు ఆమెతో కలిసి పొలం చేసిన భాగస్వామి పేరు ఆ వరుసలో ఎక్కడా ఉండదు. సాధారణంగా నామినీ సొమ్ము అందుకునేవారే తప్ప హక్కుదారు కాదు. పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చినవారు పోగానే చెల్లకుండా పోతుంది. ఇద్దరు సాక్షుల సంతకాలతో రాసే వీలునామాయే మిగిలిన దారి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, రేపు బంధువులు కోర్టుకెక్కే అవకాశం ఉన్నచోట చేయించుకోవడమే మేలు.

ఇద్దరు వ్యక్తులు తమను కుటుంబంగా ప్రకటించుకునే దస్తావేజు నమోదుకు విధానం రూపొందించే విషయం పరిశీలించాలని 2023 నవంబరులో మద్రాసు హైకోర్టు తమిళనాడు ప్రభుత్వానికి సూచించింది. ఆంధ్రప్రదేశ్‌కు ఇలాంటి పని తలకు మించినది కాదు: వారసత్వం ఉమ్మడి జాబితాలోని అంశం, పైగా హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లలకు వాటా ఇచ్చిన రాష్ట్రం ఇదే, అదీ 1985 సెప్టెంబరు నుంచే వర్తించేలా, కేంద్రం ఆ పని చేయడానికి ఇరవై ఏళ్ల ముందు.