పటంలో మెట్ట చేను బీడు కారాదు

ఏ భూమిని సేద్యానికి కాపాడాలో, ఏది పరిశ్రమలకు ఇవ్వొచ్చో ఉపగ్రహ పటాలు చూసి తేల్చవచ్చని నిపుణులు చెబుతున్నారు. మంచిదే. పటం మనకు శత్రువు కాదు. దాని మీద రంగులు ఎవరు వేస్తారన్నదే మన ప్రశ్న.

చిలమత్తూరు కూలీలకు ఈ ప్రశ్న కొత్త కాదు. 2008, 2009 సంవత్సరాల్లో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో సుమారు 8,800 ఎకరాలను లేపాక్షి నాలెడ్జి హబ్ పేరిట ఒక ప్రైవేటు కంపెనీకి కట్టబెట్టారు. ఉద్యోగాలన్నారు. అవి రాలేదు గానీ, వేల ఎకరాలు బ్యాంకుల్లో తాకట్టుకు పోయాయి. ఆనాడు ఏ సర్వే నెంబరులో ఏ పంట ఉన్నదో చూపే పటం జనం చేతిలో ఉంటే నిలదీసేందుకు ఆధారం ఉండేది.

అమెరికాలో 1981లో ఒక పద్ధతి తయారుచేశారు. నేల గుణానికి కొన్ని మార్కులు, రోడ్లు, ఊళ్లు, చుట్టుపక్కల సేద్యం చూసి మరికొన్ని మార్కులు. ఎక్కువ మార్కులొచ్చిన పొలాన్ని ముందు కాపాడాలి. అదే కొలబద్ద మన దగ్గర పెడితే ఏమవుతుంది? ఎర్రనేల, వానాధారం, పక్కనే జాతీయ రహదారి, దగ్గర్లో బెంగళూరు. మన శెనక్కాయ చేనుకు పాసు మార్కులు కూడా రావు! ఎండాకాలంలో తీసిన ఫోటోలో అది ఉట్టి బీడే. వానపడి విత్తిన తర్వాత చూస్తే గదా పచ్చదనం తెలిసేది. బీడన్నది కూడా గొర్రెలకాపరికి మేత భూమే.

2013 భూసేకరణ చట్టం రెండు, మూడు పంటలు పండే నీటి వసతి భూమిని గత్యంతరం లేకుంటే తప్ప తీసుకోరాదంటుంది. మెట్టకు అంత అండ లేదు. అదే చట్టం ఆ పొలం మీద మూడేళ్లుగా బతికే కౌలుదారుకు, కూలికి కూడా పునరావాసం ఉందంటుంది. కానీ కలుపు తీసిన చేతికి, కాయ వలిచిన చేతికి రుజువు కాగితం ఎవరిస్తారు? 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే డ్రోన్లతో హద్దులు కొలిచింది. ఆ హద్దుల మధ్య ఎవరు చెమటోడుస్తున్నారో ఆకాశం నుండి కనపడదు.

అందుకే మనం అడగాల్సినవి ఇవి. వానలు పడిన ఏడాదివి, కరువు ఏడాదివి, అన్ని కాలాల ఫోటోలు చూసే పటం గీయాలి. డి.పట్టా భూములు, చెరువు ఆయకట్టు, మేత భూములు విడిగా గుర్తించాలి. ఎకరాకు ఎన్ని కూలిదినాలు దొరుకుతాయో దానికీ మార్కులు వేయాలి. పటాన్ని సచివాలయం గోడకు తెలుగులో అంటించి, గ్రామసభలో చదివి వినిపించి, కూలీలను వెంటబెట్టుకుని పొలం పొలం తిరిగి సరిచూడాలి.

ఆ పని అధికారులు చేసేదాకా చేతులు ముడుచుకు కూర్చోవద్దు. ప్రతి ఊళ్లో మన సంఘం ఒక నోటుపుస్తకం పెట్టాలి. సర్వే నెంబరు, పంట, పనిచేసినవాళ్ల పేర్లు, తేదీలు అందులో ఎక్కాలి. రేపు పటం అబద్ధమాడితే మన పుస్తకం సాక్ష్యం చెబుతుంది.